పోపుగారి వెన్న ఉత్తరం

2023లో థాంక్స్‌గివింగ్ సెలవులకి అమ్మని షికాగో డేలీ ప్లాజాలో ఏటా పెట్టే జర్మన్ క్రిస్మస్ సంతకి తీసుకెళ్ళాం. రెండు స్వెట్టర్లు, వాటి మీద నా పాత కోటు, కాళ్ళకి మా అమ్మాయి బూట్లు, ఒక చేత్తో ఎత్తి పట్టుకున్న చీర కుచ్చెళ్ళు... ఆ అవతారంలో నడుస్తూ నడుస్తూ ఒక కొట్టు ముందు టక్కున ఆగిపోయింది.

"ఏవిట్రా అది? విభూతి పూసినట్టుంది!"

అది ష్టోలెన్. జర్మనీలో డ్రెస్డెన్ వాళ్ళ క్రిస్మస్ రొట్టె. పొడుగ్గా, నడుం మీద ఒక మడతతో, ఒంటినిండా పంచదార పొడితో ఉంటుంది. పొత్తిళ్ళలో చుట్టిన బాలయేసు ఆకారమని అంటారు.

"కేకేనా? గుడ్లేస్తారా?"

ఈ రెండో ప్రశ్నకి మా ఇంట్లో పెద్ద చరిత్రే ఉంది. ఎనభైల్లో తెనాలిలో వేసవి సెలవులొస్తే బిస్కెట్లు చేయించడం అని ఒక కార్యక్రమం ఉండేది. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మైదా, పంచదార, డాల్డా డబ్బా పట్టుకుని బేకరీకి వెళ్తే, వాళ్ళు కూలి తీసుకుని మన సరుకుతోనే కాల్చి ఇచ్చేవాళ్ళు. అందరి ఆడవాళ్ళూ సరుకు ఇచ్చేసి సాయంత్రం రేకు డబ్బాతో వచ్చి పట్టికెళ్ళేవారు. మా అమ్మ మాత్రం ఆ బట్టీ వేడిలో స్టూలు వేయించుకుని, పిండి కలపడం దగ్గర్నించి రేకులు బయటికొచ్చేదాకా అక్కడే కూర్చునేది. ఎందుకంటే ఆ గిన్నెలో అంతకు ముందు ఎవరి పిండిలోనైనా గుడ్డు కలిపారేమో అని. గిన్నె తనే కడిగేది కూడా. ఆ బిస్కెట్లు మేం తినేవాళ్ళం. ఇంత కాపలా కాసీ తను మాత్రం ఒక్కటి కూడా ముట్టుకునేది కాదు.

సంతలో అలవాటు కొద్దీ "వేస్తారమ్మా" అనేశాను. కార్లో ఇంటికొస్తుంటే గుర్తొచ్చింది, డ్రెస్డెన్ వాళ్ళ సంప్రదాయం ప్రకారం ష్టోలెన్‌లో గుడ్డు ఉండదు! పిండి, వెన్న, పాలు, ఈస్టు, కిస్మిస్, బాదం, పాకంలో ఉడికించిన నారింజ తొక్కా మాదీఫలం తొక్కా, జాపత్రి. అంతే. ఇరవై ఏళ్ళుగా నాకు తెలిసిన సంగతే. మా అమ్మ తినగలిగిన కేకు ఒకటి ప్రపంచంలో ఉందని మాత్రం తట్టలేదు.

నాకెలా తెలుసంటే, 2004 నుంచి 2006 వరకు ఒక ప్రాజెక్టు మీద డ్రెస్డెన్‌లో ఉన్నాను. యుద్ధంలో కూలిపోయిన ఫ్రాయెన్‌కిర్షె చర్చిని మళ్ళీ కట్టి 2005 అక్టోబరులో తెరిచినప్పుడు అక్కడే ఉన్నాను. నా గది అద్దెకిచ్చిన ఇంటావిడకి అప్పటికే అరవై దాటాయి. నవంబరు ఆఖరు వారంలో ఆవిడ వంటింట్లోకి ఎవరినీ రానిచ్చేది కాదు, మడి కట్టుకున్నట్టే. నేను శాకాహారినని తెలిసి, ఆ ఒక్క వారం నన్ను మాత్రం పిలిచి బాదం తొక్కలు ఒలవమనేది. నాకు తెలిసిన ష్టోలెన్ చరిత్ర సగం ఆ బాదం తొక్కల దగ్గరే విన్నాను. మిగతా సగం తర్వాత కుతూహలం కొద్దీ చదివి తెలుసుకున్నది.

ఆవిడ చెప్పినదాంట్లో మొదట నన్ను పట్టేసిన విషయం వాళ్ళ అమ్మ, అమ్మమ్మల సంగతి. వాళ్ళు కూడా సరుకు కట్టుకుని వీధి చివర బేకరీకి వెళ్ళి కాల్పించుకునేవారట. ఎవరి రొట్టె ఎవరిదో కలిసిపోకుండా పేరు చెక్కిన చిన్న రేకు ముక్కలు పిండిలో గుచ్చేవారట. అలాంటి రేకు ముక్క ఒకటి ఆవిడ సొరుగులో ఉంది. దాన్ని చూడగానే స్టూలు మీద కూర్చున్న మా అమ్మ కళ్ళముందు కనిపించింది.

ఇక అసలు కథ. 1329లో నౌంబుర్గ్ బిషప్పు అక్కడి రొట్టెల వాళ్ళ సంఘానికి ఇచ్చిన అధికార పత్రంలో ష్టోలెన్ ప్రస్తావన ఉంది, క్రిస్మస్‌కి రెండు పొడుగాటి గోధుమ రొట్టెలు సమర్పించుకోవాలని. డ్రెస్డెన్‌లో 1474 నాటి ఒక ధర్మాసుపత్రి లెక్కల్లో కనిపిస్తుంది. అయితే అప్పటి ష్టోలెన్‌ని మనం నోట్లో పెట్టుకోలేం. అది పండగ రొట్టె కాదు, ఉపవాసపు రొట్టె. క్రిస్మస్‌కి ముందు వారాలు వాళ్ళకి నియమాల రోజులు. మాంసం సరే, పాలూ వెన్నా కూడా నిషిద్ధం. పిండి, నీళ్ళు, ఈస్టు, కాస్త నూనె, అంతే.

ఇది చెప్తే అమ్మ సోఫాలో నిటారుగా లేచి కూర్చుంది. "అయితే వాళ్ళకీ కార్తీకం ఉందన్నమాట! కానీ ఇదేం నియమంరా, నూనె పరవాలేదు, వెన్న పనికిరాదా? మనకి నెయ్యి కదా శ్రేష్ఠం?"

మంచి ప్రశ్న. ఈ నియమాలు రాసింది ఆలివ్ చెట్లు పుష్కలంగా ఉన్న దేశాల వాళ్ళు. వాళ్ళకి వెన్న మానేసి ఆలివ్ నూనె వాడటం పెద్ద కష్టమేం కాదు. సాక్సనీలో ఆలివ్ చెట్టు బతకదు. అక్కడ దొరికేది మన ఆవాల చుట్టమైన రేప్ గింజల నూనె. ఆవనూనె పోసి కేకు చేయమంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అందుకని సాక్సనీని ఏలే ఎర్న్‌స్ట్, ఆయన తమ్ముడు ఆల్బ్రెష్ట్ కలిసి మాకు వెన్న వాడుకోనివ్వండి మహాప్రభో అని రోముకి అర్జీ పెట్టుకున్నారు. ఫైలు కదల్లేదు. 1486లో ఎర్న్‌స్ట్ పోయాడు కూడా. చివరికి 1491లో పోప్ ఎనిమిదో ఇన్నోసెంట్ అనుమతి ఇచ్చాడు. దానికి చరిత్రలో ఉన్న పేరే వెన్న ఉత్తరం. (పోపుగారు నూనె మానేసి వెన్నకి ఒప్పుకున్నారంటే తెలుగువాడికి నవ్వు ఆగుతుందా! మా అమ్మకీ ఆగలేదు.)

ఉత్తరం ఊరికే రాలేదు. వెన్న తినదలచినవాళ్ళు అందుకు ప్రాయశ్చిత్తంగా డబ్బు కట్టాలి. ఆ రోజుల్లో ఇది ఒక్క సాక్సనీ గొడవే కాదు. ఫ్రాన్సులో రువాన్ పెద్ద చర్చికి ఇలాంటి అనుమతుల డబ్బుతోనే ఒక గోపురం లేపారు. దాన్ని ఇప్పటికీ వెన్న గోపురమనే అంటారు. ఇంకో ముప్ఫై ఏళ్ళు తిరక్కుండానే, 1520లో, అదే సాక్సనీ గడ్డ మీద మార్టిన్ లూథర్ ఈ బేరాన్ని దులిపేశాడు. రోములో వాళ్ళు ఉపవాసాలని వేళాకోళం చేస్తారు, తమ చెప్పులకైనా రాసుకోని నూనె మనచేత తినిపిస్తారు, మళ్ళీ వెన్న తినే స్వేచ్ఛని మనకే అమ్ముతారు అని ఆయన బాధ. క్రైస్తవం రెండుగా చీలడానికి పెద్ద పెద్ద కారణాలే ఉన్నాయి గానీ, ఆ జాబితాలో ఓ మూల వెన్న కూడా ఉందంటే తప్పు లేదు. 1539లో డ్రెస్డెన్ కూడా లూథర్ పక్షానికి మారింది. దాంతో ఇక ఎవరి ఉత్తరమూ అక్కర్లేకపోయింది.

1730లో సాక్సనీ పాలకుడు బలశాలి ఆగస్టస్ తన సైన్యపు ఆర్భాటం చూపించడానికి దగ్గర దగ్గర 1.8 టన్నుల ష్టోలెన్ కాల్పించాడు. అదీ జూన్‌లో! అందులో 3,600 గుడ్లు వేశారని చెబుతారు. ఈ ముక్క అమ్మకి చెప్పలేదు.

నాకు ఈ రాజుల కంటే మా ఇంటావిడ కథే ఎక్కువ ఇష్టం. డ్రెస్డెన్ తూర్పు జర్మనీలో ఉండేది. 1949 నుంచి 1990 వరకు అది వేరే దేశం. కిస్మిస్, బాదం, నారింజ తొక్క అన్నీ విదేశాల నుంచి రావలసినవే. కొనడానికి విదేశీ మారకం లేదు. (లైసెన్సుల రోజులు చూసిన మనకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.) ప్రభుత్వం వారు పండ్ల తొక్కలకి బదులుగా క్యారెట్లనీ పచ్చి టమాటాలనీ పంచదార పాకంలో ఉడికించి ముక్కలు చేసి అమ్మారు. ఆవిడ ఆ మాట చెప్పి మొహం చిట్లిస్తే నాకు నవ్వొచ్చింది. మన బేకరీల్లో ఎర్రగా పచ్చగా మెరిసే టూటీ ఫ్రూటీ ఏమిటనుకున్నారు? పచ్చి బొప్పాయి. ఆవిడకి చెప్తే చాలాసేపు నమ్మలేదు.

ఆవిడ పిన్ని సరిహద్దుకి అవతల హాంబుర్గ్‌లో ఉండేది. అక్టోబరు రాగానే పిన్ని దగ్గర్నించి పార్సిలు వచ్చేది. కిస్మిస్, బాదం, అసలు సిసలు నారింజ తొక్క, కాఫీ పొడి. పైన "కానుక, అమ్మకపు సరుకు కాదు" అని తప్పనిసరిగా రాయాలి. పత్రికలు పెట్టకూడదు. దారిలో అధికారులు విప్పి చూస్తారు. వచ్చిన సరుకుతో ఇక్కడ వాళ్ళమ్మ ష్టోలెన్లు కాల్చి, రెండు ఇంట్లో ఉంచి, రెండు తిరిగి హాంబుర్గ్ పంపేది. తూర్పు జర్మనీలో వేల ఇళ్ళల్లో ఏటా ఇదే తంతు. "మాకు బాదం లేదు. మా పిన్నికి డ్రెస్డెన్ లేదు," అందావిడ.

ఆ ఏడు డిసెంబరులోనే, సెలవుకెళ్ళి వచ్చిన సహోద్యోగి చేతికిచ్చి అమ్మ నాకు సున్నుండలు పంపింది. పాత హార్లిక్స్ సీసా, మూత చుట్టూ గుడ్డ, దాని మీద రెండు ప్లాస్టిక్ కవర్లు. ఇంటావిడకి రెండు ఇచ్చాను. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "ఇది అక్కడి నుంచి ఇక్కడికి ఎవరు మోసుకొచ్చారు?"

తర్వాత జరిగిందంతా పద్ధతి ప్రకారమే. 1991లో డ్రెస్డెన్ బేకర్లు సంఘం పెట్టుకున్నారు. మన తిరుపతి లడ్డుకి 2009లో భౌగోళిక గుర్తింపు వస్తే, డ్రెస్డెన్ ష్టోలెన్‌కి యూరోపియన్ యూనియన్‌లో అలాంటిదే 2010లో వచ్చింది. మార్జరిన్ కూడదు, పిండి బరువులో సగమైనా వెన్న ఉండాలి. ఒకప్పుడు వెన్న వేస్తే పాపం, ఇప్పుడు వెయ్యకపోతే నేరం.

సరే, నవంబరు 25 శనివారం నేను రంగంలోకి దిగాను. అరకిలో పిండికి పావుకిలో వెన్న. కిస్మిస్ రమ్ములో నానబెట్టాలి. అది మా ఇంట్లో కుదరదు కనక నారింజ రసంలో నానబెట్టాను. ఈస్టు దగ్గర మొదటి అడ్డంకి వచ్చింది. "అది పురుగు కాదూ?" అంది అమ్మ. "దోసెల పిండి పులిసేదీ అలాంటి వాటివల్లేనమ్మా" అన్నాను. కాసేపు ఆలోచించి, "దోసెలకి నువ్వు వంక పెట్టకు" అంది. అంటే అనుమతి ఇచ్చినట్టే.

రెండో అడ్డంకి నిజమైంది. అంత వెన్న బరువుకి పిండి పొంగలేదు. గంటన్నర గడిచినా ముద్ద ముద్దలాగే ఉంది. పారేద్దామనుకుంటుంటే అమ్మ వచ్చి, ఓవెన్‌లో లైటు మాత్రం వేసి గిన్నె లోపల పెట్టింది. ఇడ్లీ పిండి కోసం మా ఆవిడ దగ్గర నేర్చుకున్న కిటుకు. సాయంత్రానికి పొంగింది. జాపత్రి వాసనకి "పులావు చేస్తున్నావా?" అని అడిగింది కూడా. ఓవెన్ ముందు కుర్చీ వేసుకుని, అద్దంలోంచి చూస్తూ కాలేదాకా అక్కడే కూర్చుంది. అలవాటు ఎక్కడికి పోతుంది!

వేడి మీద పైన కరిగిన వెన్న పూసి పంచదార పొడి చల్లాలి. జర్మన్లలో చాలామంది కాచి తేర్చిన వెన్న వాడతారు, అంటే నెయ్యే. అమ్మ పొద్దున్నే కాచిన నెయ్యి గిన్నె తెచ్చి నా పక్కన పెట్టింది. నేను పూశాను.

ష్టోలెన్ వెంటనే తినకూడదు. ఆవకాయలాగా ఊరాలి, రెండు మూడు వారాలు. అదీ కలిసొచ్చింది. అమ్మకి కార్తీకం ఇంకా నడుస్తోంది. "నియమాలయ్యాక చూద్దాంలే" అంది. ఆ ఏడు కార్తీకం డిసెంబరు 12 దాకా వచ్చింది, వాళ్ళ అడ్వెంట్ 3న మొదలైంది. మధ్యలో పది రోజులు ఇద్దరి నియమాల రోజులూ ఒకటే. గరాజ్ చలిలో, గుడ్డలో చుట్టి, బియ్యం బస్తా మీద ఉంది ష్టోలెన్.

పోలి పాడ్యమి తెల్లారగట్ల టబ్బులో నీళ్ళు పోసి దీపాలు వదిలాక, "తీసుకురా దాన్ని" అంది. డ్రెస్డెన్ పద్ధతి ప్రకారం చివర్నించి కాకుండా మధ్యకి కోసి ముక్కలు తీశాను. అలా చేసి మిగిలిన రెండు సగాలూ దగ్గరికి జరిపితే ఎండిపోకుండా ఉంటుంది. అమ్మ ఒక ముక్క దేవుడి దగ్గర పెట్టి, ఒక ముక్క తుంపి నోట్లో వేసుకుంది. ఆమెకి అప్పటికి డెబ్భై ఆరేళ్ళు. నాకు తెలిసినంతలో బేకరీ బట్టీలోదో ఓవెన్‌లోదో ఆమె నోట్లోకి వెళ్ళడం అదే మొదలు. నేను ఆమె మొహమే చూస్తూ నుంచున్నాను.

"పంచదార ఎక్కువైంది," అంది. ఇంకో ముక్క తీసుకుంది.

జనవరిలో వెళ్ళిపోతూ రెండోదాన్ని సూట్‌కేసులో చీరల మధ్య పెట్టుకుంది. పైన కాగితం మీద పెద్ద అక్షరాలతో "గుడ్లు లేవు" అని తనే రాసింది. ఇక ఇంత దూరం ప్రయాణాలు వద్దని డాక్టరు చెప్పాక మళ్ళీ రాలేదు. తెనాలి చేరిన నాలుగో రోజు ఫోన్ చేసింది. పక్కింటి వాళ్ళకీ ఎదురింటి వాళ్ళకీ పంచిందట. "మధ్యలోంచి కోసి దగ్గరికి జరిపి పెట్టాన్రా. ఇంకో వారం వస్తుంది."