సరకు మరలించు హక్కు : నాఁటి ధర్మము, నేఁటి వివాదము

వర్తకమునకు నమ్మకమే మూలధనము. కొన్న సరకు నచ్చనిచో దానిని మరలించి పైకము పుచ్చుకొనుట అంతర్జాలపు అంగళ్లతోఁ బుట్టిన వింత యని మనవారిలోఁ గొందఱు తలంచుచున్నారు. పెడన మొదలగు తావుల నేసిన చీరలను ఉయ్యూరునుండి దూరప్రాంతములవారి కమ్ముకొను మన నేఁతకులమువారికి నీ వాపసు వ్యవహారము సంకటముగాఁ బరిణమించినది. కావున దీని పూర్వచరిత్రమును సంగ్రహముగా విన్నవింపఁ బూనితిమి.

మన ధర్మశాస్త్రములు దీనిని ‘క్రీతానుశయము’ అను వివాదపదముగాఁ బేర్కొన్నవి. కొన్ననాఁడే చెడకుండ సరకును మరలించినచో సొమ్మంతయు నీయవలెనని నారదస్మృతి చెప్పుచున్నది. రెండవనాఁడు వెలలో ముప్పదియవ వంతును, మూడవనాఁ డంతకు రెట్టింపును గొన్నవాఁడు నష్టపోవును. ఆపై మరలించుట లేదు. పరీక్షాకాలము పాడిపశువులకు 3, రత్నములకు 7, విత్తనములకు 10 దినములు కాఁగా, వస్త్రములకు నొక్కదినమే. మితాక్షర ననుసరించి 13వ శతాబ్దమునఁ గేతన విజ్ఞానేశ్వరీయమును రచించుటచే వ్యవహారధర్మము తెలుఁగువారి కేనాఁడో పరిచితమయ్యెను.

సముద్రవర్తకము ప్రబలిన పిదప నీ ధర్మమునకు వైపరీత్యము కలిగెను. 1611వ సంవత్సరమున ఆంగ్లేయులు మచిలీపట్టణమున వర్తకశాలను నెలకొల్పిరి. ఆ యేఁట గ్లోబను నోడలో వచ్చిన పీటర్ ఫ్లోరిసు మన తీరపు అద్దకపు బట్టలను మలయా ద్వీపకల్పమునందలి పటానీకిఁ గొనిపోయెను. అంచునఁ దెల్లని సన్నచాఱ లేదను కారణముచేఁ గొన్ని బట్టలు చెల్లకపోయెనని యాతఁడు వ్రాసికొనెను. దూరమునఁ గొనువాని యభిరుచి నేయువానికిఁ దెలియకుండుటయే యందలి లోపము. పిమ్మటఁ గుంపినీవారు బట్టలను మచ్చుతోఁ బోల్చి తరగతు లేర్పఱచి, సరిపడనివానిని నేఁతగానికే త్రిప్పి యిచ్చుచుండిరి. ముందుగా నిచ్చిన బయానా మాత్ర మప్పుగా నిలిచెడిది. కొనువాఁడే పరీక్షకుఁడును దీర్పరియు నగుటచే నేఁతగాని మొఱ వినువాఁడు లేఁడయ్యెను.

1877లోఁ దపాలాశాఖ వి.పి.పి. పద్ధతిని బ్రవేశపెట్టినది. సరకు చేతి కందునపుడే పైకము చెల్లించు నీ యేర్పాటుచేఁ బట్టణపు సరకు పల్లెలకుఁ జేరెను. త్రోసిపుచ్చిన కట్ట మరలి వచ్చినచోఁ బంపిన ఖర్చు అమ్మినవానికే నష్టము. 1930వ సంవత్సరపు సరకుల విక్రయచట్టము కొనువానికిఁ బరీక్షించు నవకాశ మొసఁగి, సముచితకాలములో నిరాకరణము తెలుపనిచో నంగీకరించినట్లే యెంచెను.

మాఘమాసమున ఉయ్యూరు వీరమ్మ తిరునాళ్లలోఁ గొన్నవారు మఱునాఁడు వచ్చి చీరలోని లోపమును జూపినచో అమ్మినవాఁ డక్కడనే యుండును. ఇరువుర యెదుటను బట్ట విప్పఁబడును. చూచువారు నలుగు రుందురు.

నేఁటి యంతర్జాలపు విపణిలో లోపించిన దిదియే. 2020 జూలై 23న వెలువడిన ఈ-కామర్సు నియమములు లోపముగల సరకును, నకిలీ సరకును, ప్రకటించిన గుణములు లేని సరకును వెనుకకుఁ దీసికొనక తప్పదని అమ్మువారిని శాసించినవి. కొనువారి ఫిర్యాదు ముట్టినదని 48 గంటలలోఁ దెలిపి, నెలలోఁ బరిష్కరింపవలెను. ఇది న్యాయమే. మరమగ్గపు బట్టను జేనేత యని యమ్మినవాని పక్షమున మేము వాదింపము. కాని కట్టి విడిచిన చీరయో, మఱియొక పాతచీరయో కట్టలో మరలి వచ్చినపుడు, బట్టను గన్నులఁ జూడని యుద్యోగి పైకము నిచ్చివేసినచో నేఁతగాని దినముల శ్రమ నీటఁ గలిసినట్లే.

కావున సోదరులారా, నలుగురి కన్నులను మరలఁ దెచ్చుకొనుటయే దీనికి మందు. కట్ట కట్టునపుడును, మరలివచ్చిన కట్టను విప్పునపుడును జలనచిత్రము తీసి యుంచుఁడు. చీర పొడవును, తూకమును, గుఱుతును వ్రాసియుంచుఁడు. రంగులోని తేడాను, చేనేతకు సహజమగు హెచ్చుతగ్గులను దాఁచక ప్రకటింపుఁడు. ఫిర్యాదు గడువు దాఁటనీయకుఁడు. బట్టను బరీక్షించి వ్రాతమూలమున సాక్ష్యమిచ్చుటకు మన సంఘము వ్యవహారజ్ఞులగు పెద్దలను నియమించినచో, ఒంటరి నేఁతగాని మాటకు సంఘబలము తోడగును. పోషకులగు మహాశయులు దీనికిఁ దోడ్పడుదురు గాక!