ఇంధనం లేని ఇంజన్: ఎమ్‌డ్రైవ్ కథ

రాకెట్ వెనక్కి వాయువును తోస్తుంది కాబట్టే ముందుకెళ్తుంది. మరి ఏదీ బయటికి తోయకుండానే వెళ్లే ఇంజన్ ఉందంటే? బ్రిటన్ ఇంజనీర్ రోజర్ షాయర్ అదే చెప్పారు. అన్నివైపులా మూసేసిన రాగి డబ్బా, ఒక కొస సన్నం, ఇంకో కొస వెడల్పు, లోపల మైక్రోవేవ్‌లు. అంతే! నిజమైతే ఇంధనం మోయకుండా అంగారకుడి దాకా పోవచ్చు. నమ్మాలని నాకూ ఉంటుంది. కానీ కార్లో కూర్చుని డ్యాష్‌బోర్డును నెడితే కారు కదలదు కదా!

2016లో నాసా ఈగిల్‌వర్క్స్ టీమ్ పేపర్ వేసింది: కిలోవాట్‌కు 1.2 మిల్లీన్యూటన్ల తోపు. వాళ్లు వాడింది 40 నుంచి 80 వాట్లే. అంటే వచ్చిన తోపు గ్రాములో వందో వంతు బరువంత కూడా లేదు. వేడికి లోహం కాస్త సాగినా మీటర్ అంత చూపిస్తుంది. నా అనుమానం అక్కడే.

జర్మనీలోని డ్రెస్డెన్‌లో మార్టిన్ టైమార్ టీమ్ ఎగతాళి చేయలేదు, మళ్లీ కొలిచింది. 2018లో డబ్బాలోకి వెళ్లే పవర్‌ను బాగా తగ్గించినా తోపు తగ్గలేదు! అంటే తోస్తున్నది డబ్బా కాదు. కేబుళ్లలో కరెంటు, భూమి అయస్కాంత క్షేత్రం కలిసి ఆడిన ఆట అయ్యుండొచ్చన్నారు. 2021లో వేడి ప్రభావాన్ని కూడా తీసేసి చూస్తే, తోపు మాయం.

రేపు ఇలాంటి వీడియో మీకు ఫార్వర్డ్ అయితే ఒక్కటే అడగండి: డబ్బాకి పవర్ ఆపినా రీడింగ్ వస్తోందా?