ఓవర్‌క్లాకింగ్

కంప్యూటరు ప్రాసెసరును దాని నిర్మాతలు నిర్ణయించిన వేగమునకు మించి నడపుటకు ఓవర్‌క్లాకింగ్ అని పేరు. మదర్‌బోర్డు అందించు మూలవేగమును ఒక గుణకముచే హెచ్చింపగా వచ్చునదే ప్రాసెసరు వేగము గనుక, ఈ రెంటిలో దేనిని పెంచినను ఫలితము పెరుగును. 1998లో వెలువడిన ఇంటెల్ సెలెరాన్ 300ఎ ఇందుకు మనోహరమైన నిదర్శనము: గుణకము 4.5గా బంధింపబడియున్నను, మూలవేగమగు బస్సు వేగమును 66 నుండి 100 మెగాహెర్ట్‌జులకు మార్చినంతనే, స్వల్పమూల్యమైన ఆ చిప్పు 450 మెగాహెర్ట్‌జుల వేగమును తఱచుగా అందుకొనెడిది. అయితే విద్యుద్వ్యయము, దానితోపాటు ఉష్ణమును, వేగమునకు అనులోమముగను వోల్టేజి యొక్క వర్గమునకు అనులోమముగను పెరుగును గావున, నూతనాభ్యాసకుఁడు మొదట శీతలీకరణమును చక్కపఱచుకొని, మదర్‌బోర్డు అమరికలుండు బయాస్‌లో వేగమును కొంచెము కొంచెముగా పెంచుచు, ప్రతి పర్యాయమును దీర్ఘపరీక్షచే స్థిరత్వమును నిర్ధారించుకొని, తప్పనిసరియైనప్పుడే వోల్టేజిని తాఁకవలెను.