ఒక కుర్చీ, ఒక గ్లాసు టీ



మేము పరిచర్యకు వచ్చిన కొత్తలో ఒక పెద్దమ్మ ఇంట గృహ కూటం జరిగింది. ప్రార్థన అయ్యాక ఆమె పొయ్యి రాజేసి టీ కాచి సత్తు గ్లాసుల్లో తెచ్చింది. ఆ వీధిలో మేము ఏదైనా తాగామని తెలిస్తే సంఘంలో కొందరు ముఖం ముడుచుకుంటారని మాకు తెలుసు. "ఇప్పుడే తాగి వచ్చామమ్మా" అన్నాం. అది అబద్ధం. ఆమె ఏమీ అనకుండా గ్లాసులు తీసుకొని లోపలికి వెళ్లింది. ఆ తర్వాత చాలా నెలలు ఆ ఇంటి నుంచి కూటానికి పిలుపు రాలేదు.

ఒక్క నిమిషం ఇబ్బంది తప్పించుకున్నాం, ఒక ఇంటి తలుపు మూసుకుపోయింది. బిషప్ అజరయ్య గారి చరిత్ర చదివినప్పుడల్లా ఆ గ్లాసులే మాకు గుర్తుకొస్తాయి.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు తెలుగువారు కారు. 1874లో తిరునల్వేలి ప్రాంతంలోని ఒక తమిళ పల్లెలో, సంఘకాపరి ఇంట పుట్టారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివారు. 1895 నుంచి వై.ఎం.సి.ఏ.లో పనిచేస్తూ దక్షిణ దేశమంతా తిరిగారు. 1903లో తిరునల్వేలి విశ్వాసులు తమ సొంత కానుకలతో, తమ సొంత మనుషులతో సువార్త పంపాలని ఒక మిషనరీ సంఘం స్థాపించారు. దాని వెనుక నిలబడినవారిలో ఆయన ముఖ్యులు. ఆ సంఘం పని మొదలుపెట్టిన చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్. నేడు అది తెలంగాణలో మహబూబాబాద్ జిల్లాలో ఉంది.

వేరేవారిని పంపి, తాను మద్రాసులోనే ఉండిపోయినా ఆయనను ఎవరూ తప్పు పట్టేవారు కారు. పేరుంది, అలవాటైన పని ఉంది. కానీ 1909లో గురువుగా అభిషేకం పొంది ఆయనే డోర్నకల్ వచ్చారు. 35వ ఏట తెలుగు నేర్చుకోవడానికి కూర్చున్నారు. ఆ వయసులో పరాయి భాష నేర్చుకోవడం అంటే ఏమిటో, కూలికోసం వేరే రాష్ట్రం వెళ్లిన మన పిల్లలను అడగండి. చెప్పాలనుకున్నది కొండంత, నోటికి వచ్చేది గోరంత. మాట తప్పితే చిన్న పిల్లలు కూడా నవ్వుతారు. వేదికల మీద మాట్లాడిన మనిషికి అది నామోషీ కాదా? ఆయన దాన్ని పక్కకు నెట్టి నేర్చుకున్నారు. ఎడ్లబండి మీద పల్లె తరువాత పల్లె తిరిగారు. ఆయన భార్య అన్బు గారు కాలేజీ చదువు చదివినవారు. ఆ రోజుల్లో దక్షిణ దేశంలో అలాంటి క్రైస్తవ స్త్రీలు బహు కొద్దిమంది. ఆమె కూడా ఈ పల్లె స్త్రీల మధ్య పనిచేశారు.

మరుసటి ఏడు, 1910లో, స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడ కూర్చున్నవారిలో ఎక్కువమంది పాశ్చాత్య దేశాలవారు. అజరయ్య గారు వాళ్ల ముఖం మీదే ఒక కష్టమైన మాట చెప్పారు. మా కోసం మీరు ఎన్నో త్యాగాలు చేశారు గానీ, మాతో స్నేహం చేయలేదు అన్నదే దాని సారం. చేయి కలపడం, కుర్చీ చూపడం, భోజనానికో టీకో పిలవడం వంటి చిన్న సంగతులు కూడా ఆ ప్రసంగంలో వచ్చాయి. సభలో చాలామందికి అది మింగుడు పడలేదు.

ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగాలి. సముద్రాలు దాటి వచ్చి, ఎండకు, జ్వరానికి ఓర్చుకున్న మిషనరీలు వారు. ప్రాణం ఇవ్వడానికి సిద్ధపడినవారిలో కూడా ఒక భారతీయునికి పక్కన కుర్చీ వేయడానికి వెనుకాడినవారున్నారు. పెద్ద త్యాగానికి జనం మెచ్చుకుంటారు. చిన్న ఇబ్బందికి మెప్పు దొరకదు. బహుశా అందుకే అది ఎక్కువ కష్టం.

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. అది జరగకూడదన్నవారు లేకపోలేదు. ఆయన దానికి కుంగిపోక మళ్లీ ఎడ్లబండి ఎక్కారు.

ఎడిన్‌బరోలో తెల్లవారికి చెప్పిన పాఠం డోర్నకల్ పల్లెల్లో మనవారికే చెప్పాల్సి వచ్చింది. అక్కడ ప్రభువును నమ్ముకున్నవారిలో ఎక్కువమంది మాల, మాదిగ పల్లెలవారు. పై కులాల చేత దూరం పెట్టబడిన ఈ ఇద్దరూ ఒకరినొకరు దూరం పెట్టుకునేవారు. ఒకరింట ఒకరు తినరు, పిల్లనిచ్చుకోరు. క్రీస్తు సంఘంలో కులానికి చోటు లేదన్నది అజరయ్య గారి గట్టి మాట. 1945 జనవరి 1న ఆయన డోర్నకల్‌లోనే ప్రభువు నందు నిద్రించారు. ఆ మాట మాత్రం మన ముందు ఇంకా ప్రశ్నగానే నిలిచి ఉంది.

మన ప్రభువు కూడా బావి దగ్గర సమరయ స్త్రీని దాహానికి నీళ్లు అడిగారు. ఇవ్వడం కాదు, అడగడం. ఆమె చేతి నీళ్లు తాగుతానని చెప్పడమే అక్కడ మొదటి సువార్త.

ప్రతి బాధనూ భరించమని మేము చెప్పడం లేదు. కొట్టే భర్తను, కులం పేరుతో తిట్టేవాణ్ని ఓర్చుకోమని చెప్పడం లేదు. మనం చెప్పుకుంటున్నది మన మొహమాటం గురించి, మన నామోషీ గురించి. వాటి ఖరీదు మనం కట్టం, ఎదుటివారు కడతారు. ఆ రోజు మా మొహమాటం ఖరీదు కట్టింది ఆ పెద్దమ్మ.

చివరికి పిలుపు కోసం చూడకుండా మేమే ఆ ఇంటికి వెళ్లాం. గడపలో నిలబడి, "పెద్దమ్మా, ఆ రోజు అబద్ధం చెప్పాం. ఈ రోజు టీ పోస్తావా?" అని అడిగాం. ఆ మాట నోటికి రావడానికి చాలాసేపు పట్టింది. ఆమె మా వైపు కాసేపు చూసి, "కూసోండి అయ్యగారూ, పాలు లేవు, డికాక్షనే" అంది. తాగాం. వీధిలో వెళ్లేవారు చూశారు. చూడనిచ్చాం.

వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత ప్రేమ విందు ఉంది. ఇన్నేళ్లలో మీరు ఎవరి పక్కన కూర్చోలేదో మీకు తెలుసు. ఈసారి మీ విస్తరి వారి పక్కన వేసుకోండి. మేమూ వేసుకుంటాం. ప్రభువు మనకు తోడై ఉండును గాక. ఆమెన్.