నీళ్లెక్కడివి?

మండపేట వైపు పొలం బేరానికి వెళ్లినవాళ్లు పచ్చటి చేను చూసి మురిసిపోరు. గట్టు మీద నిలబడి, "నీళ్లెక్కణ్ణించి?" అంటారు. కాలవ నుంచి నేరుగా బోదె ఉందా, పక్కవాడి దయ మీద పారుతోందా, శివారు భూమా - ఇవన్నీ తేలాకే ధర మాట. "మా ఇంటర్నెట్ వ్యాపారం ఏటేటా పెరుగుతోంది" అని చెప్పే పత్రికల్లోనూ, టీవీ కంపెనీల్లోనూ వాటాలు కొనేవాళ్లు అడగవలసిందీ ఆ ప్రశ్నేననిపిస్తుంది, వెనక్కి తిరిగి చూస్తే.

మొదట మన నాగేశ్వరరావు పంతులుగారి సంగతి చూడండి. కాశీనాథునివారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. 1908లో అక్కడే ఆంధ్రపత్రికని వారపత్రికగా తెచ్చారు. 1914లో అది మద్రాసు చేరి దినపత్రిక అయింది. 1924లో 'భారతి' పుట్టింది. తలనొప్పి మందు మీద వచ్చిన డబ్బు తెలుగువాళ్ల చదువు మీదికి పారిందన్నమాట. పత్రిక ఎవరి తిండి తింటోందో ఎవరికీ అనుమానం లేదు. పంతులుగారు 1938లో పోయినా ఆంధ్రపత్రిక 1991 దాకా బతికింది.

ఇంటర్నెట్ వచ్చాక ఈ లెక్క తలకిందులైంది. పాత వ్యాపారం పత్రికని పోషించడం కాదు, కొత్త యంత్రమే అందరినీ పోషిస్తుందన్నారు. మన దేశంలో జనానికి ఇంటర్నెట్ అందింది 1995 ఆగస్టు 15న. నాలుగేళ్లు దాటిన కొద్ది రోజులకే, హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ వారి పిల్ల కంపెనీ సత్యం ఇన్ఫోవే 1999 అక్టోబరులో అమెరికా నాస్‌డాక్ మార్కెట్ ఎక్కింది. భారతీయ ఇంటర్నెట్ కంపెనీల్లో అక్కడికెళ్లిన మొదటిది అదే. మరుసటి నెలలో ఇండియావరల్డ్ అనే సంస్థని 499 కోట్ల రూపాయలకి కొంటున్నామని ప్రకటించింది. ఇంతకీ అందులో ఏముంది? 'సమాచార్'లో వార్తల శీర్షికలు, 'ఖేల్'లో క్రికెట్, 'బావర్చీ'లో వంటలు, వెతుక్కోడానికి 'ఖోజ్'. ఆ మాటకొస్తే మన వారపత్రికలో ఉండేవీ ఇంచుమించు అవే!

రెండు నెలల తర్వాత, 2000 జనవరి 10న, ఇంతకు వందల రెట్లు పెద్ద పెళ్లి కుదిరింది. 'టైమ్' పత్రిక, సి.ఎన్.ఎన్., వార్నర్ సినిమాలు ఉన్న టైమ్ వార్నర్‌ని అమెరికా ఆన్‌లైన్ కలుపుకుంటానంది. రాబడిలో టైమ్ వార్నర్ చాలా పెద్దది. అయినా ఉమ్మడి కంపెనీలో 55 పాళ్లు అమెరికా ఆన్‌లైన్ వాటాదారులకి, 45 పాళ్లు టైమ్ వార్నర్ వాళ్లకి అని ఒప్పందం. పాత ఇంటి నిలవ ధాన్యం కంటే కొత్త అల్లుడి జాతకానికే ఎక్కువ ధర కట్టారు.

ఆ రోజుల్లోనే మండపేటలో మా పెద్దమ్మగారింట ఓ పంచాయితీ నడిచింది. వాళ్లబ్బాయి ఎకరం అమ్మి, ఇంటర్నెట్ వైపు అడుగేసిన ఓ టీవీ కంపెనీ వాటాలు కొంటానన్నాడు. పేరెందుకు లెండి.

"రేటు రెండు నెలల్లో రెట్టింపయిందే అమ్మా!"

"రేటు సరే నాయనా, దానికి డబ్బిచ్చేదెవరు? చూసేవాళ్లా?"

"చూసేవాళ్లకి ఉచితం. ప్రకటనలవాళ్లు ఇస్తారు."

"వాళ్లెవరు?"

"వాళ్లూ కొత్తగా పెట్టిన ఇంటర్నెట్ కంపెనీలేలే."

"మరి వాళ్లకెక్కడిది?"

వాడు నీళ్లు నమిలాడు.

పెద్దమ్మ నాలుగో తరగతి దాటలేదు. కానీ రోగం సరిగ్గా అక్కడే ఉంది. ఆ కొత్త కంపెనీలు చాలామటుకు వాటాదారులు పోసిన సొమ్ములోంచే ప్రకటనలిచ్చేవి. దాన్ని రాబడి అని చూపించి ఇవతలి కంపెనీ తన వాటాల రేటు పెంచుకునేది. ఒక చెరువు నీళ్లే ఇటూ అటూ తోడి, రెండు చెరువులున్నాయనుకోవడం!

2000 మార్చిలో శిఖరమెక్కిన నాస్‌డాక్ 2002 అక్టోబరుకి ముప్పాతిక వంతుకి పైగా పడిపోయింది. అమెరికా ఆన్‌లైన్-టైమ్ వార్నర్ 2002 ఒక్క ఏడాదికే దాదాపు 9,900 కోట్ల డాలర్ల నష్టం చూపించింది. 2009లో విడాకులు కూడా అయ్యాయి. సత్యం ఇన్ఫోవే 'సిఫీ'గా పేరు మార్చుకుంది. 2005లో సత్యం తన వాటా వేగేశ్న రాజుగారికి అమ్మేసింది. సిఫీ ఇవాళ్టికీ ఉంది, కానీ దాని బతుకుతెరువు వంటలూ క్రికెట్టూ కాదు. కంపెనీలకి నెట్‌వర్కులు, డేటా సెంటర్లు సమకూర్చడం. పెద్దమ్మ అడ్డుపడ్డా వాళ్లబ్బాయి అరెకరం అమ్మనే అమ్మాడు. ఆ వాటాలు చిత్తుకాగితాలయ్యాయి. ఆ అరెకరం ఇవాళ ఏం పలుకుతుందో మండపేటవాళ్లకి నేను చెప్పనక్కర్లేదు.

అలాగని ఇంటర్నెట్టంతా ఎండమావి అనుకోకండి. న్యూయార్క్ టైమ్స్ 2009లో చేతిలో డబ్బాడక, మెక్సికో ధనవంతుడు కార్లోస్ స్లిమ్ దగ్గర 25 కోట్ల డాలర్లు అప్పు చేసింది. వడ్డీ నూటికి ఏడాదికి 14. మన భాషలో రూపాయి పైచిలుకు వడ్డీ! 2011లో ఇంటర్నెట్‌లో చదివేవాళ్ల దగ్గర చందా తీసుకోవడం మొదలుపెట్టింది. ఉచితంగా దొరికేదానికి ఎవరు డబ్బిస్తారని నవ్వినవాళ్లున్నారు. అదే ఏడాది, గడువుకి ముందే, అప్పు తీర్చేసింది. 2020లో దాని ఇంటర్నెట్ రాబడి కాగితం రాబడిని దాటిపోయింది. అక్కడ కాలవ ఉంది. లక్షలమంది పాఠకులు నెలనెలా ఇచ్చే చిల్లర అది.

కనక 'పెరుగుతోంది' అనగానే లొంగిపోవద్దు, అబద్ధమని కొట్టిపారెయ్యనూ వద్దు. పాఠకుడు ఇస్తున్నాడా, సబ్బులూ చీరలూ నిజంగా అమ్ముకునేవాళ్లు ప్రకటనలిస్తున్నారా, లేక మనలాంటి వాటాదారులు పోసిందే తిరిగొస్తోందా - ఈ మూడూ కంపెనీ ఏటా అచ్చువేసే లెక్కల పుస్తకంలో వెతికితే దొరుకుతాయి. మొదటి రెండూ కాలవ నీళ్లు. మూడోది బిందెతో తెచ్చి పోసిన నీళ్లు. బిందె మోసేవాళ్లు అలిసిపోయిన రోజున చేను ఎండిపోతుంది.