బండి మోసే బండి

2005లో 'ద వరల్డ్స్ ఫాస్టెస్ట్ ఇండియన్' అని ఒక సినిమా వచ్చింది. పేరు చూసి మనవాడెవడో పరుగు పందెంలో గెలిచాడనుకుంటే మాత్రం తప్పులో కాలేసినట్టే. ఆ ఇండియన్ అసలు మనిషే కాదు, మోటార్ సైకిల్. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 1901లో మొదలై 1953లో తయారీ ఆపేసిన ఇండియన్ కంపెనీవారి 1920 నాటి స్కౌట్ బండి అది. తోలిన పెద్దాయన బర్ట్ మన్రో, ఇక్కడ న్యూజిలాండ్ దక్షిణపు కొసన ఉన్న ఇన్వర్‌కార్గిల్ వాసి.

ఆ బండి ఎంత వేగంగా పోయిందో అందరూ చెప్తారు. నాకు మాత్రం అది అక్కడిదాకా ఎలా చేరిందన్నదే ఆసక్తి. ఎందుకంటారా? వెల్లింగ్టన్ నుంచి క్రైస్ట్‌చర్చ్‌కి కాంట్రాక్టు మారినప్పుడు నేనొక్కణ్ణి, బండ్లు రెండు. కారు తోలుకుంటూ మోటార్ సైకిల్‌ని వెనకాల తీసుకెళ్ళాలి.

మన ఊళ్ళో ఇదొక సమస్యే కాదు. బండి ఆగిపోతే స్నేహితుడు తన బండి మీద వెనకే వచ్చి, మన ఫుట్‌రెస్ట్‌కి కాలు ఆనించి మెకానిక్ షెడ్డు దాకా తోసుకొస్తాడు. ఊరు మారాలంటే రైల్వే పార్సిల్ ఆఫీసు ఉండనే ఉంది. ట్యాంకులో పెట్రోలు తీసేసి, గోనెపట్టాలు చుట్టించి, పైన ఊరి పేరు రాయించి పంపేస్తే సరి. ఇక్కడ ఆ రెండూ కుదరవు.

ఇక్కడున్న దారులు మూడు. కారు వెనక టోబార్‌కి ర్యాక్ తగిలించి బండిని అడ్డంగా ఎక్కించడం ఒకటి. చూడ్డానికి బావుంటుంది కానీ, లాగే బరువు వేరు, మోసే బరువు వేరు. టన్ను బరువు లాగే కారు కూడా టోబార్ మీద నిలువుగా మోసేది ఏ డెబ్భై ఎనభై కిలోలో కావచ్చు. రెండొందల కిలోల బండిని అక్కడ వేలాడదీస్తే కారు ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగ్ మన మాట వినదు. రెండోది, ముందు చక్రం ఎత్తి కట్టి, వెనక చక్రాన్ని రోడ్డు మీద దొర్లించడం. ఆ చక్రం గొలుసునీ, గొలుసు గేర్‌బాక్సునీ తిప్పుతూనే ఉంటాయి. ఇంజను ఆగి ఉంటుంది కాబట్టి కొన్ని బండ్లలో లోపల నూనె సరిగా అందదు. పక్క వీధికైతే ఫర్వాలేదు, మూడొందల కిలోమీటర్లకి గొలుసు ఊడదీయాల్సిందే.

మిగిలింది ట్రైలర్. ఇక్కడ పెట్రోలు బంకుల్లో కూడా అద్దెకు దొరుకుతాయి. ఇందులోనూ ఒక చారిత్రక చిక్కుంది. ఈ దేశం 1970లలో అంగుళాలు వదిలి మీటర్లలోకి వచ్చింది, టోబార్ చివరి గుండు మాత్రం పూర్తిగా రాలేదు. ఒకటీ ఏడు బై ఎనిమిది అంగుళాలది (47.6 మి.మీ.), 50 మి.మీ.లది, రెండూ వాడకంలోనే ఉన్నాయి. 50కి చేసిన కొక్కెం చిన్న గుండు మీద కూర్చున్నట్టే కనిపిస్తుంది, గతుకులొచ్చాక లేస్తుంది. అందుకే పక్కన సేఫ్టీ చైన్ తప్పనిసరి. వేగం కూడా గంటకి తొంభై దాటకూడదు.

ఇప్పుడు మన్రో సంగతి చూడండి. ఆయనకి పై మూడింటిలో ఎంచుకునే అవకాశమే లేదు. కొన్నప్పుడు గంటకి దాదాపు 90 కి.మీ. పోయే 600 సీసీ బండిని పాతికేళ్ళు కాదు, నలభై ఏళ్ళు చెక్కాడు. పాత డబ్బాల్లో పిస్టన్లు పోత పోశాడు. 1962 నాటికి ఇంజను 850 సీసీ అయింది, పైన చేప ఆకారంలో తొడుగు వచ్చింది. లోపల బోర్లా పడుకుని తోలాలి. అలాంటిదాన్ని ఏ పోలీసు రోడ్డెక్కనిస్తాడు? అంటే గంటకి 288 కి.మీ. వేగంతో రికార్డు కొట్టిన బండి, యూటా రాష్ట్రంలోని బోన్‌విల్ ఉప్పు మైదానానికి తనంతట తాను ఒక్క ఫర్లాంగు కూడా రాలేదన్నమాట!

సినిమాలో ఆయన లాస్ ఏంజెలెస్‌లో దిగి పాత కారు కొంటాడు, ఆ అమ్మినవాడి షెడ్డులోనే తుక్కు ఏరుకుని ట్రైలర్ కట్టుకుంటాడు. దార్లో ట్రైలర్ చక్రం ఊడిపోతే మాను ముక్క కట్టి ఈడ్చుకెళ్ళే సన్నివేశం చూసి అందరూ నవ్వుతారు. నాకు నవ్వు రాలేదు, చెమట పట్టింది. అక్కణ్ణించి బోన్‌విల్ సుమారు వెయ్యి కిలోమీటర్లు మరి.

1967లో అరవై ఎనిమిదేళ్ళ మన్రో, నలభై ఏడేళ్ళ బండి మీద గంటకి 183.586 మైళ్ళ రికార్డు పెట్టాడు. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి నచ్చే సంగతొకటి చెప్తాను. అటు పరుగు 184.710, ఇటు పరుగు 183.463. మీరే సగటు కట్టి చూడండి, 183.586 రాదు! ఆయన కొడుకు అది గమనించి చెప్పాక, 2014లో అమెరికన్ మోటార్‌సైక్లిస్ట్ అసోసియేషన్ 184.087గా సరిదిద్దింది. బండి వయసెంతో ఆ బగ్ వయసూ అంతే, నలభై ఏడేళ్ళు.

ఇంకో కాకతాళీయం. బోన్‌విల్‌లో మన్రో మొదటి రికార్డు 1962 ఆగస్టుది. సరిగ్గా అదే నెలలో ఇక్కడ వెల్లింగ్టన్, పిక్టన్ మధ్య 'ఆరమోవానా' అనే ఓడ మొదలైంది. కార్లూ, రైలు పెట్టెలూ చక్రాల మీదే నేరుగా లోపలికెళ్ళే ఓడ. అంతకుముందు ఓడల్లో కారుని క్రేనుతో ఎత్తి దించేవారు. ఆ ఓడ తర్వాతి తరాలవే నేను ట్రైలర్‌తో ఎక్కిన ఇంటర్‌ఐలాండర్ ఓడలు. ముందు చక్రం చట్రంలో బిగించి, నాలుగు పట్టీలతో ఫోర్కులు సగం కుంగేలా లాగి కట్టాను. స్టాండు వేయలేదు. కుదుపులకి ముందు విరిగేది స్టాండే.

మన్రో 1978లో పోయాడు. ఆయన బండి ఇన్వర్‌కార్గిల్‌లో ఈ. హేస్ అండ్ సన్స్ అనే ఇనుప సామాన్ల దుకాణంలో ఉంది. మేకులూ సుత్తుల మధ్య నడుచుకుంటూ వెళ్ళి చూసి రావచ్చు. 2006 నుంచి అక్కడ ఆయన పేర మోటార్ సైకిల్ పందేలు జరుగుతున్నాయి. మీరూ బండి కట్టుకుని వెళ్ళేట్టయితే ఓడ టికెట్ ముందే తీసుకోండి. కారుకీ ట్రైలర్‌కీ కలిపి పొడుగు కొలిచి డబ్బు కడతారు.