చాకిరీ, సేవ, శనివారం

మా మేళ్లచెరువు నుంచి కృష్ణ దాటి గుంటూరు మీదుగా పోతే చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెం అనే ఊరుంది. అక్కడో సినగాగ్ ఉంది. అవును, యూదుల ప్రార్థనామందిరమే! 1991లో మొదలైంది. ప్రార్థన చేసేది బెనె ఎఫ్రాయిం అనే తెలుగువాళ్ళు, కొన్ని పదుల కుటుంబాలు. పుట్టుకతో మాదిగలు, అంతకుముందు బాప్టిస్టు క్రైస్తవులు. షమూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి అనే అన్నదమ్ములు ముందుండి నడిపించారు. క్రీ.పూ. 8వ శతాబ్దంలో అస్సీరియన్లు చెల్లాచెదురు చేసిన ఇశ్రాయేలు గోత్రాల్లో ఎఫ్రాయిం గోత్రం తమదని వాళ్ళ నమ్మకం.

ఇది చెప్పగానే మన ఆఫీసుల్లో వచ్చే మొదటి ప్రశ్న, "ఇజ్రాయెల్ వెళ్ళిపోడానికా?" అని. హెచ్‌1బి కోసం చిలుకూరు బాలాజీ గుడి చుట్టూ నూట ఎనిమిది ప్రదక్షిణాలు చేసే జనం అడగాల్సిన ప్రశ్నేనా ఇది :) పోనీ, వాళ్ళని ఇజ్రాయెల్ ఇంతవరకు యూదులుగా గుర్తించనే లేదు. ఈశాన్య రాష్ట్రాల బ్నే మెనాషే వాళ్ళకి మాత్రం 2005లో అక్కడి ప్రధాన రబ్బీ ఒకరి గుర్తింపు దొరికింది. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో ఈ ఆంధ్ర యూదుల మీద ఒక పుస్తకమే రాశారు. కులం, మతం అందులో ఎలా పెనవేసుకున్నాయో చూడాలంటే అది చదవాల్సిందే.

నాకు ఆసక్తి కలిగించింది వేరే సంగతి. హీబ్రూలో 'అవొదా' అనే మాట ఉంది. ఐగుప్తులో ఫరో చేయించిన వెట్టిచాకిరీకీ అదే మాట, దేవుడికి చేసే ఆరాధనకీ అదే మాట! వెట్టి అంటే ఏమిటో నల్లగొండ వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. 1946-51 సాయుధ పోరాటం జరిగిందే అలాంటి చాకిరీ మీద. మరి ఒకే మాట అయినప్పుడు దొర దగ్గర చేసేదానికీ దేవుడి దగ్గర చేసేదానికీ తేడా ఏంటి? ద్వితీయోపదేశకాండం 28వ అధ్యాయంలో శాపాల పెద్ద చిట్టా ఉంది. వాటికి చెప్పిన కారణాల్లో ఒకటి, అన్నీ సమృద్ధిగా ఉన్నప్పుడు సంతోషంగా దేవుడిని సేవించకపోవడం. అంటే సంతోషం మన మూడ్‌ని బట్టి వచ్చిపోయేది కాదు, సేవలో భాగం. 18వ శతాబ్దంలో తూర్పు యూరప్‌లో బాల్ షేమ్ తోవ్ మొదలుపెట్టిన హసీదీ ఉద్యమం దీన్నే పట్టుకుంది. పెద్ద చదువులు లేని పేదవాడు పాడుతూ, ఆడుతూ చేసే ప్రార్థన పండితుడి ప్రార్థనకి తీసిపోదంది. మన భజన మండళ్ళు తెలిసినవాళ్ళకి ఇదేమీ కొత్త కాదు.

సంతోషం సరే, నమ్మకం దగ్గరే అసలు చిక్కు. 11వ శతాబ్దపు స్పెయిన్‌లో బాహ్య ఇబ్న్ పకూదా దీనికోసం తన పుస్తకంలో ఒక భాగమే కేటాయించాడు. దేవుడిని నమ్ముకున్నవాడైనా పనిచేసుకునే బతకాలంటాడు ఆయన. ఆ నమ్మకానికి వారంవారం వచ్చే పరీక్ష శనివారం. నిర్గమకాండంలో ఎడారిలో ప్రజలకి మన్నా రోజూ కురుస్తుంది, దాచుకుంటే పురుగు పడుతుంది. శుక్రవారం మాత్రం రెండురోజులకి సరిపడా దొరుకుతుంది. శనివారం ఏరుకోడానికి పోకూడదు.

నెలజీతం వచ్చే మనకి శనివారం ఎలాగూ సెలవే. దానికి ఏ నమ్మకమూ అక్కర్లేదు. మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసేవాళ్ళకి అలా కాదు. కొత్తరెడ్డిపాలెం బెనె ఎఫ్రాయిం వాళ్ళలో చాలామంది వ్యవసాయ కూలీలు. పనికి పోతే విశ్రాంతి నియమం తప్పుతుంది, పోకపోతే ఆరోజు కూలి పోతుంది. శుక్రవారం రెండు కూళ్ళు ఎవరూ ఇవ్వరు.

అన్నట్టు, ద్వితీయోపదేశకాండంలో ఈ విశ్రాంతి ఆజ్ఞ చెప్పింది పని చేయించుకునేవాడికి కూడా. నీ దాసుడికి, దాసికి కూడా నీతోపాటు విశ్రాంతి ఉండాలి, నువ్వూ ఐగుప్తులో దాసుడిగా ఉన్నావు కదా అని గుర్తుచేస్తుంది. కానీ వీళ్ళని కూలికి పిలిచే రైతు యూదుడు కాడు. కోతలు శనివారం పడితే శనివారమే పిలుస్తాడు.